దొడ్డి ఊళ్ల మీదుగా

ఆదోని కోట కొండలు వెనకబడగానే నల్లరేగడి మొదలవుతుంది. మాఘమాసం. పత్తి ఏరడం ఆఖరికొచ్చింది. జిన్నింగు మిల్లుల వైపు పోయే ట్రాక్టర్ల నుంచి రాలిన దూది రోడ్డుకు రెండు పక్కలా తుమ్మకంపల్ని పట్టుకుని వేలాడుతోంది. జొన్న కోసిన చేలల్లో మొదళ్లు, శనగ పీకిన చేలల్లో రాలిన ఆకు, అక్కడక్కడా గొర్రెల మందలు. ఎమ్మిగనూరు ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరం. బస్సెక్కితే గంటలో చేరిపోవచ్చు. కానీ ఈ దారిలో గంటలో చేరడానికి నేను రాలేదు. ఊరి పేర్ల కోసం వచ్చాను.

ఇక్కడి ఊరి పేర్లు రెండు భాషల్లో బతుకుతాయి. కుప్పగల్, బల్లేకల్లు, ఆరేకల్ అనే పేర్ల చివర ఉన్నది కన్నడపు రాయి. బైచిగేరిలో ఉన్నది కన్నడపు వీధి. నాగనాథనహళ్లి పేరు వింటే మైసూరు దాపున ఉన్నట్టుంటుంది. సంతెకుడ్లూరులో సంత ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. ఆనాడు సరిహద్దు గీత మారింది గానీ మనుషుల నాలుక మీది మాట మారలేదు. టీకొట్టు దగ్గర ఒకాయన తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని కన్నడంలో ముగిస్తాడు. పక్కాయన ఉర్దూలో జవాబిస్తాడు. ముగ్గురికీ అర్థమవుతుంది.

ఈ పేర్ల నడుమ ఇంకో రకం పేర్లున్నాయి. ఎమ్మిగనూరు మండలంలో రాళ్లదొడ్డి, గువ్వలదొడ్డి. పెద్దకడబూరు మండలంలో బసలదొడ్డి, దొడ్డిమేకల. తుంగభద్ర దాటి గద్వాల సీమలోకి పోతే గొర్లఖాన్‌దొడ్డి, కాలూరు తిమ్మన్‌దొడ్డి. ఈ చివరిది ఇప్పుడు కేటీ దొడ్డి పేరుతో మండల కేంద్రం కూడా. పడమటగా రాయచూరు వైపు తిరిగినా దొడ్డి పేర్లు తగులుతూనే ఉంటాయి. మండ్య జిల్లాలో కె.ఎం. దొడ్డి అని పెద్ద ఊరే ఉంది. దొడ్డమనసు అన్నప్పుడు మనం వాడే దొడ్డ వేరు, ఈ దొడ్డి వేరు. ఇది పశువులను కట్టడి చేసే చోటు. గోడ కట్టో, కంప నాటో నాలుగు వైపులా మూసి, ఒక్క వాకిలి వదిలిన జాగా. దానికే ఇల్లు తోడై, ఇళ్లు తోడై, ఊరైంది.

కోస్తాలో ఈ మాట ఇంటి వెనక్కి పోయింది. అక్కడ దొడ్డి అంటే పెరడు, దొడ్డిగుమ్మం అంటే వెనక గుమ్మం. దొడ్డిదారి అనే మాట పత్రికల్లోకెక్కి లంచానికీ సిఫారసుకూ మారుపేరైంది. చాలా ఊళ్లలో కాలకృత్యానికి పోవడాన్ని దొడ్డికి పోవడం అంటారు. పట్నంలో పెరిగిన పిల్లలకు ఆ ఒక్క అర్థమే తెలుసు, మాట వినగానే నవ్వుతారు. రాళ్లదొడ్డి నుంచి కాలేజీకి వచ్చే పిల్లవాడు ఊరి పేరు చెప్పడానికి ఒక క్షణం తడబడాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. ఆ పేరులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెలుగు నేల మీద సేద్యం ఎక్కడ నుంచి నడిచొచ్చిందో చెప్పే పేరు అది.

పెద్దకడబూరు వైపు మళ్లిన కాసేపటికి కోసిన జొన్నచేలో ఒక మంద కనబడింది. నల్లవీ, తెల్లవీ, రెండూ కలిసినవీ. బళ్లారి జాతి పోలికలు. పెద్ద వయసు కాపరి భుజాన కంబళి, చేతిలో కొడవలి కట్టిన పొడుగాటి కర్ర. ఈ ప్రాంతంలో గొర్రెల కాపరులు ఎక్కువగా కురువలే. పలకరించాను.

“ఎన్ని జీవాలు తాతా?”

“లెక్క చెప్పగూడదు సామీ. మావీ మా అన్నదమ్ములవీ కలిసుండాయి. ఉండేటివి ఉండాయి.”

రాయలసీమలో గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలంటారు. ఆవులు ఎద్దులు గొడ్లు, గేదెలు ఎనుములు. జీవం అనే మాటను ఈ చిన్న ప్రాణులకే అట్టిపెట్టారు. వానలు మొహం చాటేసిన ఏడు పంట పోయినా ఇంటిని నిలబెట్టేవి ఇవే కాబట్టి ఆ పేరు వీటికి తగిందనే నా నమ్మకం.

“రాత్రికి దొడ్డి యాడ తాతా?”

“దొడ్డి ఊర్లో ఉంటాది సామీ. చేన్లో ఏసేది మంద.” కర్రతో నేల మీద గుండ్రంగా గీశాడు. “ఊర్లో దొడ్డికి గోడుంటాది, వాకిలుంటాది, ఫలానా వాళ్ల దొడ్డి అని పేరుంటాది. మంద ఈ పొద్దు ఈడ, రేపు ఆ గట్టుకాడ. చేను చేనంతా తిరగాల. ఒక్క తావునే పండుకుంటే రైతుకేం లాభం?”

ఆ మాటలో ఒక పెద్ద ఏర్పాటు ఉంది. పంట ఇంటికి చేరాక రైతు కాపరిని పిలుస్తాడు. పగలు జీవాలు చేలోని మొదళ్లూ గింజలూ ఆకూ ఏరుకు తింటాయి. రాత్రి అదే చేలో వల కట్టి నిలుపుతారు. పూర్వం తుమ్మకంపతో, తడకలతో మూసేవారు. ఇప్పుడు నైలాను వలలు, నాలుగు గుంజలు. తెల్లారేసరికి ఆ జాగా నిండా పెంటికలు, మూత్రం. మర్నాడు వల పక్కకు జరుగుతుంది. అట్లా రాత్రికి కొంత, రాత్రికి కొంతగా చేను మొత్తం తడుస్తుంది. ఎండకు సారం ఎగిరిపోకముందే రైతు ఒక సాలు దున్ని కలిపేస్తాడు. గొర్రె ఎరువులో, ముఖ్యంగా మూత్రంలో నత్రజని ఎక్కువ. దిబ్బ ఎరువు తోలాలంటే బండి కావాలి, కూలి కావాలి. మంద తన కాళ్ల మీద తానే చేలోకి నడిచి వస్తుంది. అందుకే రైతు కాపరికి రాత్రికింత అని ఇస్తాడు. ఒకప్పుడు జొన్నలో కొర్రలో కొలిచేవారు, పైన ఒక పూట కూడు పెట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా డబ్బే.

“మంద ఏసిన చేను మూడేండ్లు గుర్తు పెట్టుకుంటాది” అన్నాడు తాత.

వానాకాలం చేలన్నీ పైరుతో మూసుకుపోతాయి. అప్పుడు కాపరి గుట్టల వైపు, ఊరి బీళ్ల వైపు పోతాడు. సాయంత్రానికి ఊళ్లో దొడ్డికి తిరిగొస్తాడు. ఈనిన గొర్రెలు, కుంటివి, జబ్బువి, పసిపిల్లలు అక్కడే ఉంటాయి. ఎండాకాలం మొదలయ్యేసరికి తుంగభద్ర కాలువల కింది తడి పొలాల వైపు మందలు కదులుతాయి. కొన్ని ఇళ్లవాళ్లు వంటసామాను గాడిదల మీద వేసుకుని నెలల తరబడి తిరుగుతారు. తోడు కుక్కలు. కాబట్టి దొడ్డి, మంద అనేవి రెండు చోట్ల పేర్లే కాదు, ఏడాదిలో రెండు సగాలు కూడా.

ఇక్కడ కాసేపు వెనక్కి పోవాలి. చాలా వెనక్కి.

పాత బళ్లారి జిల్లాలోనూ కృష్ణా తుంగభద్రల నడుమ సీమలోనూ బూడిద దిబ్బలున్నాయి. మామూలు పెంటకుప్పలు కావవి. కొన్ని కొండంత ఎత్తు. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజులాగా గట్టిపడింది. బళ్లారి నుంచి హొసపేట పోయే దారిలో కుడతిని దగ్గరున్నది వీటిలో పేరుమోసింది. హంపి పక్కన నింబాపురం దిబ్బను వాలి చితాభస్మమని జనం చెప్పుకుంటారు. తెల్లదొరల కాలంలో పండితులు వీటి గురించి రకరకాలుగా ఊహించారు. ఇనుము కరిగించిన చోట్లన్నారు, యజ్ఞవాటికలన్నారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతిగొడ్డలిని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ దిబ్బల చుట్టూ తిరిగి, ఇది కాలిన పశువుల పేడ అని తేల్చాడు. తర్వాతి కాలంలో రసాయన పరీక్షలు ఆ మాటనే నిలబెట్టాయి.

మిగతా కథను విప్పింది పురావస్తు పరిశోధకుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను ఆయన తవ్వించాడు. ఈ ఉట్నూరు ఆదిలాబాదుది కాదు, తుంగభద్రకు అవతలి సీమలోది. బూడిద పొరల కింద గుంజలు నాటిన గుంతలు వరసగా బయటపడ్డాయి. తాటి మొద్దులు నాటి కట్టిన పెద్ద దడి, దానిలోపల మరో ఆవరణ. ఆ నేలలో పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మళ్లీ మళ్లీ దడి కట్టారు, మళ్లీ మళ్లీ పేడ పోగైంది, మళ్లీ మళ్లీ దాన్ని కాల్చారు. అది పశువుల దొడ్డి. నాలుగువేల ఏళ్లకు పైబడిన దొడ్డి. 1963లో వెలువడిన తన పుస్తకంలో ఆల్చిన్ ఈ కాల్చడాన్ని ఏడాది పండుగలతో జోడించి చూశాడు. ఇప్పటికీ కన్నడసీమలో సంక్రాంతికి పశువులను మంట మీదుగా దాటిస్తారు. తర్వాత కె. పద్దయ్య కర్ణాటకలోని బుడిహాళ్‌లో విస్తారంగా తవ్వి, దొడ్డి పక్కనే మనుషులు కాపురమున్న ఇళ్లనూ వెలికితీశారు. దొడ్డి ముందు, ఊరు వెంట అనే వరస అక్కడ మట్టిలోనే కనబడుతుంది.

ఆ మనుషులు ఏ భాష మాట్లాడారో మట్టి చెప్పదు. కానీ వాళ్లు కట్టుకున్న చోటుకు ఈనాడు ఇక్కడి మనిషి పెట్టే పేరు దొడ్డి. అదే రాళ్ల గుట్ట, అదే తుమ్మ, అవే పశువులు. నాలుగువేల ఏళ్లుగా ఒకే పని జరిగే చోట ఊరికి ఆ పనిచోటు పేరే పెట్టడంలో వింత లేదు. ఆఫ్రికా దక్షిణాన క్రాల్ అనే మాట పశువుల దొడ్డికీ చెల్లుతుంది, దాని చుట్టూ ఉండే గుడిసెల పల్లెకూ చెల్లుతుంది. అమెరికా గోపాలకులు వాడే కొరాల్‌కూ దానికీ మూలం ఐబీరియా మాటే. సముద్రాలు దాటి అక్కడ జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటే: గొడ్డును కట్టిన చోట మనిషి నిలిచాడు.

ఇప్పుడా బూడిద దిబ్బల్లో చాలా వాటిని తవ్వేశారు. బూడిద ఎరువుగా చేలకు పోయింది, మట్టి రోడ్లకు పోయింది. పేడ చేలోకి చేరడం అన్యాయమని అనలేను. కానీ గిట్టల ముద్రలున్న నేలను పొక్లెయిన్ ఒక పూటలో ఎత్తేస్తే, ఆ పోయినదాన్ని తిరిగి ఎవరూ తేలేరు.

దొడ్డి చరిత్రలో రెండో మలుపు చట్టం. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లో బందెలదొడ్డి అనే సంస్థను స్థిరపరిచింది. పరాయి చేలో పడి మేసిన గొడ్డును రైతు పట్టుకోవచ్చు. 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే ప్రకటన, అప్పటికీ రాకపోతే వేలం. ఆ చట్టంలో జరిమానాల పట్టీ ఒకటుంది. ఏనుగుకు రెండు రూపాయలు, ఎనుముకు ఎనిమిదణాలు, ఆవుకూ ఎద్దుకూ నాలుగణాలు, గొర్రెకూ మేకకూ ఒక్క అణా. గొర్రెకు అణా అంటే చిన్నదే అనిపిస్తుంది. మంద మొత్తం చిక్కితే ఎన్ని అణాలు? కాపరి ఇంట్లో వెండి కడియం కుదువ పడేది. పట్టుకున్న గొడ్డును బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా జైలు. తర్వాత 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. గుట్ట మీది మేత కూడా నేరమైంది. అంతకు ముందు దొడ్డి అంటే గొడ్డుకు రక్షణ. ఆ చట్టాలతో అది గొడ్డుకు చెర అయింది.

ఆదోని మీదుగా పోయే రైలు మార్గం కూడా ఆ కాలానిదే. అటు బొంబాయి వైపు నుంచీ ఇటు మద్రాసు వైపు నుంచీ వచ్చిన పట్టాలు 1871లోనే రాయచూరు దగ్గర కలిశాయి. పత్తికి గిరాకీ పెరిగింది, బీళ్లు చేలయ్యాయి. మేతనేల తగ్గింది, బందెలదొడ్డి నిండింది. అయిదేళ్లు తిరిగేసరికి ధాతు కరువు వచ్చి పడింది. 1876 నుంచి 1878 దాకా ఈ సీమ మనుషుల్నీ పశువుల్నీ లెక్కలేకుండా పోగొట్టుకుంది. ఆ కరువులో ఖాళీ అయిన దొడ్లు మళ్లీ నిండడానికి ఒక తరం పట్టి ఉంటుంది.

అయినా బందెలదొడ్డిని ఉత్త చెరగా మాత్రమే చూడడం న్యాయం కాదు. చేను మేసిన గొడ్డు మీద కర్ర ఎత్తకుండా, గొడ్డు యజమాని మీద కత్తి ఎత్తకుండా ఊరు ఒక మధ్యే మార్గం పెట్టుకుంది. రైతూ కాపరీ ఒకరి మీద ఒకరు ఆధారపడినవాళ్లు. తగాదా వచ్చిన రోజున గొడ్డు దొడ్డిలో ఉంటుంది, పెద్దమనుషులు చావడిలో కూచుంటారు, తెల్లారేసరికి తీరుతుంది. ఇప్పుడు అదే తగాదా పోలీసు స్టేషనుకు పోతోంది. చాలా ఊళ్లలో బందెలదొడ్డి గోడ కూలింది. కొన్నిచోట్ల ఆ స్థలంలో పంచాయతీ గది లేచింది, కొన్నిచోట్ల ఎవరిదో పశువుల కొట్టం, ఎవరిదో దుకాణం.

ఇక ఎమ్మిగనూరు. ఇది నేతగాళ్ల ఊరు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరును దేశానికి తెలియజేసింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దుప్పట్లూ పరదాలూ ఇక్కడి నుంచి సముద్రం దాటాయి. పత్తినూలు మగ్గం ఊరి నడిబొడ్డున ఉంటే, ఉన్ని మగ్గం ఊరవతల కురువల ఇళ్లలో ఉండేది. బళ్లారి గొర్రె ఉన్ని ముతకది, గరుకుది. కంబళికి అంతకు మించింది లేదు. వానలో తడిసినా వెచ్చగా ఉంచుతుంది. కంబళి నేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడో ఒకరు. గొర్రెకు బొచ్చు కత్తిరించే కూలి కూడా ఉన్ని ధరలో రావడం లేదని దారిలో తాత చెప్పాడు. జీవం ఇప్పుడు మాంసం ధర మీదే నిలబడింది. పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఊరు పోటెత్తుతుంది. రథంతో పాటు ఎద్దులు కూడా ఆ జాతరకు అందం. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, బండ లాగే పోటీలు. ట్రాక్టరు వచ్చి ఎన్నేళ్లయినా మంచి కోడెల జత దగ్గర ఆగని రైతును నేనైతే చూడలేదు. పక్కనే బనవాసిలో ప్రభుత్వ పశుక్షేత్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మేలుజాతి దూడ అయినా రాత్రికి చేరాల్సింది ఒక దొడ్డికే.

రాళ్లదొడ్డి చేరేసరికి పొద్దు వాలుతోంది. పేరు చెప్పినట్టే రాతిగోడల దొడ్డి అనే ఊహతో వెళితే, మామూలు ఊరే ఎదురొస్తుంది. సిమెంటు రోడ్డు, నీళ్ల ట్యాంకు, బడి. కొన్ని ఇళ్లకు తాళాలు. ఎందుకని అడిగితే ఒక అవ్వ ఒక్క మాటలో చెప్పింది, “సుగ్గికి పోయినారు నాయనా.” సుగ్గి కన్నడంలో కోతల కాలం, పంట సంబరం. ఈ పడమటి కర్నూలులో అదే మాటకు వలస అని అర్థం వచ్చింది. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి ఏరడానికి పిల్లాజెల్లాతో పోతారు. పోయేముందు గొడ్డును అమ్ముకోవాలి, లేదా ముసలివాళ్లకు అప్పగించాలి.

“నీవు పోలేదేమవ్వా?”

“నేను బోతే వీటికి నీళ్లు ఎవరు పెడతారు?”

ఆమె వెనక మోకాలెత్తు రాతిగోడ, పైన తుమ్మకంప, వాకిలికి అడ్డంగా రెండు కొయ్యలు. లోపల రెండు మేకలు, ఒక పాడి ఎనుము. అది దొడ్డి. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన ఆ గోడ ఆమె అత్త కాలం నాటిదట. ఏడాదికోసారి జారిన రాళ్లు సర్దుతారు. లోపల పోగైన పెంట ఎండాకాలంలో ఎత్తి చేలోకి తోలుతారు. సుగ్గి నుంచి కొడుకూ కోడలూ తిరిగొచ్చేసరికి వాళ్ల చేనుకు ఈ ఏటి ఎరువు ఇక్కడ సిద్ధంగా ఉంటుంది.

ఆ గోడ ముందు నిలబడి ఒక విషయం స్పష్టంగా అనుకున్నాను. ఎరువుల బస్తా ధర, మట్టిలో సారం, సహజ సేద్యం గురించి సభల్లో ఎంతో మాట్లాడుతున్నాం. ఆ మాటలన్నిటికీ అవసరమైన సరుకు ఈ అవ్వ దొడ్డిలో, ఆ తాత మందలో తయారవుతోంది. దానికి కావాల్సినవి రెండే. పగలు మేయడానికి బీడు, రాత్రి పండుకోవడానికి చోటు. బీళ్లు పట్టాలవుతున్నాయి, గుట్టలు క్వారీలవుతున్నాయి. ఊరి మధ్య దొడ్డి ఇంటి స్థలమవుతోంది. పురుగుమందు కొట్టిన పత్తిచేలో జీవాలను తోలడానికి కాపరి భయపడుతున్నాడు. ఇదంతా ఎవరో ఒక్కరు చేసిన పని కాదు, కాబట్టి ఆపడం కూడా ఒక్కరి వల్ల కాదు.

ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మీ గ్రామ పటం తీసి చూడండి. చాలా పటాల్లో బందెలదొడ్డికి, పశువుల బీడుకు ఇంకా ఒక సర్వే నంబరు ఉంటుంది, పోరంబోకు అని రాసి ఉంటుంది. ఆ స్థలం ఈనాడు ఎవరి చేతిలో ఉందో గ్రామసభలో అడగండి. మిగిలి ఉంటే దాని చుట్టూ గోడ లేపించి, ఒక నీళ్ల తొట్టి కట్టించి, దారిన పోయే మందలకు రాత్రి విడిదిగా వదలండి. పంట ఎత్తాక మీ చేలో రెండు రాత్రులు మంద వేయించండి, కాపరికి ఇవ్వాల్సింది ఆ పొద్దే ఇచ్చి పంపండి.